రెండింటి నుంచి మూడింటి దాకా

బెంచీ ఇనుపది, చల్లగా ఉంది, ఒక కాలు కురచ కావడం వల్ల నేను కాస్త కదిలినా టక్కుమంటోంది, అందుకని కదలకుండా కూర్చున్నాను. కింద పూల్ ఉంది. ఈ వరండా కిటికీ దాని మీదికే తెరుచుకుంటుందని, నాతోపాటు ఈతకొచ్చే టైలరమ్మ చెప్పింది, చెప్పకపోయినా తెలిసేది, క్లోరిన్ వాసన మెట్ల మీదుగా పైకొచ్చి గొంతులో కూర్చుంటోంది, ఎవరో నీళ్ళలోకి దూకినప్పుడల్లా ఆ చప్పుడు కప్పుకు కొట్టుకుని రెండుసార్లు వినిపిస్తోంది. ఇరవై మూడు రోజులయింది. ఇరవై మూడు రోజుల కిందట ఇదే పూల్‌లో, వారానికి రెండుసార్లు మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా మాలాంటి వాళ్ళకని కేటాయించిన గంటలో, నా పక్క లేన్‌లో ఈదుతున్న మేస్త్రీ బాబాయ్ పోయాడు. ఎలా పోయాడో విచారించడానికి ఆఫీసరొకాయన వచ్చి లోపల కూర్చున్నాడు. ముందు కాగితాలు చూసుకుంటాడట, తర్వాత కావాల్సినవాళ్ళని పిలిచి అడుగుతాడట. ఆ సమయానికి నీళ్ళలో ఉన్నది ఇద్దరమే, ఒకరు పోయారు, మిగిలింది నేను. నాకు కళ్ళు కనపడవు.

నిన్న పొద్దున పూల్ మేనేజరు ఫోన్ చేశాడు. నేను హాస్పిటల్లో టెలిఫోన్ ఆపరేటర్ని, ఎవరు చేసినా ముందు తగిలేది నా గొంతే. ఎవరు కావాలండీ అంటే, మీరేనమ్మా కావాల్సింది అన్నాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో నా కోసం ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. డాక్టరు గుండె అని రాశాడమ్మా, వయసు చూస్తే అరవై రెండు, గుండె ముందు ఆగిందో నీళ్ళు ముందు మింగాడో పైవాడికే తెలియాలి, మీరు ప్రత్యేకించి చెప్పాల్సిందేమీ లేదు, మీకెలాగూ కనపడదు కనక నాకు తెలియదు అనండి చాలు, అది అబద్ధం కూడా కాదు కదా, మీ గంట మీకు ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు కదా. నిన్నటి నుంచి ఈ మాట చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. అతను చెప్తుండగానే ఇంకో లైను మోగింది, ఎవరో తల్లి పిల్లల వార్డు కావాలంది, కలిపాను, నా గొంతు ఎప్పటిలాగే నున్నగా పలికింది. చూపు పోయాక నాకు మిగిలిన ఆస్తి అదే. ఇరవై నాలుగో ఏట కళ్ళలో ఒత్తిడి పెరిగి, అంచుల నుంచి లోపలికి చీకటి ముసురుకుంటూ వచ్చి, చివరికి తలుపు సందంత వెలుతురు మిగిలి, ఒక సోమవారం అదీ పోయింది. అప్పటి నుంచి పద్నాలుగేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు నా మోచెయ్యి పట్టుకుంటారు. వీధి దాటేటప్పుడు తెలియనివాళ్ళు, ఇంట్లో అక్క, ఆఫీసులో ఆయా. అడగరు, పట్టుకుంటారు. నీళ్ళలో పట్టుకోరు. అటొక తాడు ఇటొక తాడు, వాటి మధ్య నాదైన దారి, దేనికీ గుద్దుకోకుండా ఎంత వేగంగా పోగలనో అంత వేగంగా పోవచ్చు. ఇది చెప్తే అక్కకి అర్థం కాలేదు. నడిచే దారి సరిగ్గా తెలీదు గానీ ఈతా అంది.

చేరిన కొత్తలో ఆరు వారాలు మమ్మల్ని నీళ్ళలో దిగనివ్వలేదు కోచ్ మేడమ్. తొమ్మిది మందిమి, ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి చెవులు వినపడవు, ఒకరికి నడుం కింద స్పర్శ లేదు, కొత్త తువ్వాళ్ళు సంచుల్లో పెట్టుకుని ఈతకని వచ్చి పొడి గట్టు మీద పాఠాలు చెప్పించుకున్నాం. నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేత్తో తడుముకుంటూ పూల్ చుట్టూ తిరగమంది. పలకలు నున్నగా ఉన్నంతసేపు లోతు తక్కువ, గరుకు తగిలిందంటే పక్కన నిలువెత్తు నీళ్ళున్నట్టు. పొడుగు వైపు నలభై ఒక్క అడుగులు, అడ్డం ఇరవై, నిచ్చెనకు నాలుగు మెట్లు, కింది మెట్టు వదులు. ఎవరో భయం పోగొట్టుకోవడానికి వచ్చామంటే కసిరింది. “భయాన్నెందుకు పోగొట్టుకుంటారు, అది మీ ఇంటి కుక్క. ఎప్పుడు మొరగాలో దానికి నేర్పుదాం.” ఎవరైనా కాపాడటానికొస్తే వాళ్ళ మెడ పట్టుకోకూడదని నేర్పింది. ఒంటరిగా దిగకూడదు. రౌండు రౌండుకీ గోడ పట్టుకుని పక్కవాళ్ళని పలకరించాలి, పలక్కపోతే అరవాలి. “మనుషుల్ని నీళ్ళకంటే మొహమాటం ఎక్కువ ముంచుతుంది, అరవండి” అని ఒక్కొక్కళ్ళచేతా కప్పు ఎగిరిపోయేలా అరిపించింది. నాకు రాలేదు. పదకొండేళ్ళుగా మెత్తగా పలకడమే ఉద్యోగమైనదాన్ని, నోరు తెరిస్తే హలో వచ్చింది. అందరూ నవ్వారు. మూడో వారానికి గానీ నా గొంతు లేవలేదు, లేచిన రోజున మేస్త్రీ బాబాయ్ చప్పట్లు కొట్టి, “ఈ గొంతుతో హాస్పిటల్‌కి ఫోనెందుకమ్మడూ, కిటికీ తెరిచి పిలిస్తే డాక్టర్లే వస్తారు” అన్నాడు. ఇంకొక మాట మేమందరం బళ్ళో పిల్లల్లా నీళ్ళలో దిగేముందు పైకి అనేవాళ్ళం. గార్డు కుర్చీలో మనిషి లేకపోతే నీళ్ళలో మనిషి ఉండకూడదు. అదీ ఆ మాట. రెండేళ్ళలో ఎన్నిసార్లు అని ఉంటాను, రెండు వందలసార్లు.

బెంచీ టక్కుమంది. టైలరమ్మ జరిగి కూర్చుంది. పోలియో కాలు ఆమెది, ఆ కాలు చాపుకున్నప్పుడు ఇనుప పట్టీ గచ్చుకు గీసుకుంటుంది. పొద్దుట్నుంచీ నాతో ఉంది, నన్ను తీసుకొచ్చింది ఆమే. చెవిలో చెప్పింది, “నిన్ను అబద్ధం చెప్పమనట్లేదే తల్లీ. ఊరుకోమంటున్నా. పోయినాయన ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళం ఎనిమిదిమందిమి.” కాలు ఇంకాస్త చాపింది. “నా తుంటి సంగతి నీకు తెలుసు. రోజంతా మిషను మీద వంగి కూర్చునేదాన్ని. వారంలో ఆ రెండు గంటలే నాకు నొప్పి లేనిది.” తెలుసు. ఆమె నీళ్ళలో దిగగానే విడిచే ఊపిరి నాకు తెలుసు, బరువైన మూట దించినవాళ్ళు విడిచే ఊపిరి. ఎదురుగా స్టూలు మీద పూల్ గార్డు కూర్చున్నాడు. వాడికెప్పుడూ జలుబే, ముక్కు ఎగబీలుస్తున్నాడు కాబట్టి తెలిసింది. లేకపోతే పోల్చుకోలేకపోయేదాన్ని, ఎప్పుడూ వేసుకునే రబ్బరు చెప్పులు లేవు, ఈ రోజు బూట్లు వేసుకొచ్చాడు. కాసేపటికి లేచి వచ్చాడు. “అక్కా, నీళ్ళు తాగుతారా” అన్నాడు. సీసా అందుకున్నాను. మూత వాడే తీసిచ్చాడు. తాగాను. ఇద్దరు పిల్లల తండ్రి, పెద్దదానికి ఈ ఏడే బడి. రెండు గుక్కలు తాగి సీసా తిరిగిచ్చాను.

మేస్త్రీ బాబాయ్ ఇళ్ళు కట్టేవాడు. మూడో అంతస్తులో పరంజా విరిగి కింద పడి ఎడమ కాలు మోకాలి పైదాకా పోయింది. మొదటి రోజు పూల్ గోడ తడిమి, కట్టినవాడెవడో మట్టం చూసుకోకుండా కట్టాడు, వాణ్ణి తెచ్చి ఇందులోనే ముంచాలి అన్నాడు. ఒక కాలే ఉంటే నీళ్ళలో ఒళ్ళు ఒక పక్కకి తిరిగిపోతుంది, ఆ తిరుగుడు సరిచేసుకోవడానికి మూడు నెలలు పట్టింది. “ఇంట్లోనూ అంతేనమ్మడూ, నేనెప్పుడూ మా అమ్మాయి పక్కకే ఒరుగుతాను, వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ అదే గొడవ” అనేవాడు. ఒకసారి పేపరతను వచ్చి మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి ఫొటో తీస్తూ, ఆమెకి మీరు కళ్ళు, మీకు ఆమె కాళ్ళు, ఎంత బాగుంది అన్నాడు. బాబాయ్ చాలా నెమ్మదిగా, “నేను ఈవిడ భుజమెక్కితే ఇద్దరం మునుగుతాం బాబూ, ఎవరి ఈత వాళ్ళదే” అన్నాడు. ఎవరి ఈత వాళ్ళదే. వెల్లకిలా ఈదేవాడు. చెవులు నీళ్ళలో, చూపు కప్పు మీద. అలా ఈదేవాడికి గట్టు మీద ఏం జరుగుతోందో తెలియదు. వినపడదు, కనపడదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఒకసారి ఆట పట్టించాడు. నేను గోడ పట్టుకుని పలకరిస్తే ఊపిరి బిగబట్టి కట్టెలా తేలుతూ ఊరుకున్నాడు. నేను మూడుసార్లు పిలిచి, నాలుగోసారి అరవబోతుంటే ఫక్కున నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. వారం మాట్లాడలేదు. తర్వాతి వారం సంచిలో ఏదో కాగితం పొట్లం పెట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు, వేయించిన శనగలు. తప్పయిపోయిందమ్మడూ అన్నాడు. మళ్ళీ చేయలేదు.

గార్డు కుర్చీ వదిలి పోవడం కొత్త కాదు. మోటారు చూసే అతను సెలవు పెట్టినప్పుడల్లా మేనేజరు గార్డునే మోటారు గదికి పంపేవాడు, అది భవనం వెనక ఉంది. వాడు రబ్బరు చెప్పుల్తో తపతపా నడిచి, పక్క తలుపు తెరుచుకుని వెళ్ళేవాడు, ఆ తలుపు స్ప్రింగు మూలిగి మూసుకుంటుంది. మొదటిసారి విన్నది నేనే. కుర్చీ ఖాళీ అని అరిచాను. అందరూ గోడ దగ్గరికొచ్చారు. ఇరవై నిమిషాలు చలికి వణుకుతూ గోడ పట్టుకుని నిలబడ్డాం, వాడొచ్చేసరికి మా గంట అయిపోయింది. కోచ్ మేడమ్ నా వీపు తట్టింది, పైకెళ్ళి మేనేజరుతో పోట్లాడింది, ఫిర్యాదు రాసిస్తే పుచ్చుకున్నాడు. రెండోసారి అలాగే జరిగింది, అలాగే అరిచాను. ఈసారి నీళ్ళలో కొందరు గొణిగారు. నా చెవులు మూసుకోరాదా అన్నారు, ఈదడానికొచ్చామా గోడకి వేలాడ్డానికా అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, ఆమె ఇప్పుడు నా పక్కనే కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటోంది. తప్పు ఆమెది కాదు. వారం మొత్తంలో ఉన్నది రెండు గంటలు, అందులో ఒకటి గోడకి పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. నాకూ మండింది.

మెట్ల మీద చకచకా అడుగులు. చిల్లర గలగల, తోలు సంచి వాసన. బస్సు కండక్టరు, మేస్త్రీ బాబాయ్ కూతురు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది. బెంచీకి ఈ చివర ఖాళీ ఉంది, వచ్చి నా పక్కనే కూర్చుంది, బెంచీ అటు ఒరిగింది. ఆవిడ గొంతు బొంగురు, రోజంతా స్టాపుల పేర్లు అరిచే గొంతు.

“మీరేనా, నాన్న పక్కన ఈదే ఆమె?”

“అవునండీ.”

“అమ్మడు అమ్మడు అనేవాడు. చిన్నపిల్లేమో అనుకున్నాను.” ఒళ్ళో సంచి సర్దుకుంది. “నేను వద్దనే అన్నానండీ. ఉన్న కాలు జాగ్రత్త చేసుకోక ఈ వయసులో ఈతలేంటని. నాతో గొడవ పడి వచ్చేవాడు. ఆ రోజు కూడా మాట్లాడకుండానే వచ్చాడు. ఆ కాలే చంపింది నాన్నని.”

నేను ఒళ్ళో ఉన్న కర్ర మడతని అటూ ఇటూ తిప్పాను. నోట్లో క్లోరిన్ రుచి.

“తాగి దిగాడని ఇక్కడెవరో అన్నారట. నాన్న తాగడండీ, ఇళ్ళు కట్టే రోజుల్లోనూ తాగలేదు. అది లోపల చెప్తాను. ఇంకోటి కూడా రాసుకొచ్చాను. ఇలాంటి వాళ్ళని నీళ్ళలోకి దింపడం మానేయండని. ఇంకో ఇంట్లో ఇలా జరక్కూడదు.” సంచిలో కాగితం చప్పుడైంది. ఇలాంటి వాళ్ళు అంటూనే నా వైపు తిరిగినట్టుంది, కాగితం మళ్ళీ లోపలికి తోసేసింది. టైలరమ్మ ఇనుప పట్టీ గచ్చు మీద గీసుకుంది.

ఆ కాలే చంపింది. కాలు కాదు. మూడు నెలలు కష్టపడి ఒళ్ళు తిరగకుండా నేర్చుకున్న కాలు అది, దాని మీద నాకున్నంత నమ్మకం నా రెండు కాళ్ళ మీదా లేదు. ఆ కూతురు తండ్రి ఈత ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే, గచ్చు మీద కర్ర పోటేసుకుంటూ రొప్పుతూ నడిచే మనిషి నీళ్ళలో ఎలా జారిపోతాడో తెలిసేది. నేనూ చూడలేదు, కానీ పక్కనుంచి పోతుంటే నీళ్ళు చిందవు, మెత్తగా ఒక అల నా చెంపకు తగులుతుంది, అంతే. ఇప్పుడామె ఇంటికెళ్ళి గోడకానించిన కర్రని చూసినప్పుడల్లా ఆ కాలే అనుకుంటుంది. జన్మంతా అనుకుంటుంది. మేనేజరు అదే అనుకోమంటాడు. గుండె, కాలు, వయసు, నీళ్ళు, అన్నీ పోయినవాడివే, బతికున్నవాళ్ళది ఏమీ లేదు.

ఆ రోజు వాన. కప్పు రేకుల మీద కుండపోత, అందుకే వచ్చింది ముగ్గురమే. కోచ్ మేడమ్‌కి జ్వరం, మీలో మీరు జాగ్రత్తగా చేసుకోండని ఫోన్ చేసి చెప్పింది. టైలరమ్మ చలి వేస్తోందని ముందే ఎక్కి బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళింది. నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఆగకుండా ఇరవై రౌండ్లు ఎప్పుడూ ఈదలేదు, పదహారు దాటలేదు, ఆ రోజు ఒళ్ళు తేలిగ్గా ఉంది. పద్నాలుగో రౌండు చివర గోడ ముట్టుకున్నప్పుడు వాన హోరులోంచి తపతపా చెప్పులు, స్ప్రింగు మూలుగు. కుర్చీ ఖాళీ. నా కుక్క మొరిగింది, మొరగలేదని అనలేను. నోరు తెరిచాను కూడా. అరిస్తే బాబాయ్‌కి వినపడేదాకా అరవాలి, అతను గోడకి రావాలి, ఇద్దరం మూడింటి దాకా వణకాలి, నా లెక్క పద్నాలుగు దగ్గర తెగిపోతుంది, వాడు మోటారు ఆపి వచ్చేస్తాడు, ఎంతసేపు, రెండుసార్లు అరిచి ఏం సాధించాను. ఇవన్నీ ఒక్క ఊపిరిలో అనుకున్నాను. కాళ్ళతో గోడని తన్ని పదిహేనులోకి వెళ్ళాను. పదహారు. పదిహేడు. ఇరవై మూడు రోజులుగా పదిహేడు దగ్గర ఆగుతున్నాను. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని ఎక్స్‌టెన్షన్లు కలుపుతూ పదిహేడు దాకా వస్తాను, ఏదో ఒక లైను మోగుతుంది, హమ్మయ్య అనుకుని తీస్తాను.

“లోపలికి రమ్మంటున్నారు” అని ఎవరో తలుపు తీశారు.

మోచెయ్యి పట్టుకున్నది టైలరమ్మ. గుమ్మం దాకా తెచ్చి, గట్టిగా ఒకసారి నొక్కి, వదిలేసింది. ఆమెని పిలవలేదు, గార్డూ కండక్టరూ మాత్రం నా వెనకే లోపలికొచ్చారు. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది, కొత్త ఫైళ్ళ అట్టల వాసన. కోచ్ మేడమ్ ఎడమ వైపు ఉంది, విజిల్ తాడు మెళ్ళో వేసుకునే వచ్చింది, ఆమె ఊపిరికి అది గుండీలకు తగులుతోంది. నిన్న ఆమెను అడిగాను, ఏం చెప్పమంటారని. నేర్పాల్సింది నేర్పాను, ఏం చెప్పాలో నేర్పను అంది. ఆఫీసరు గొంతు చిన్నది, మర్యాదస్తుడు. నన్ను పేరుతో పిలిచి, “మీరేం చూశారో చెప్పండి” అని, వెంటనే, “అంటే, మీకు తెలిసింది” అన్నాడు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. నాకు తెలియదు. రెండే మాటలు. నాలిక చివర సిద్ధంగా ఉన్నాయి, ఈ గొంతుతో ఎంత బాగా పలకగలనో నాకు తెలుసు, నమస్కారం, నాకు తెలియదండీ, లైనులో ఉండండి. అప్పుడు బొంగురు గొంతు గట్టిగా ఊపిరి తీసుకోవడం వినపడింది, కాగితం మడత విప్పుతోంది.

“గార్డు కుర్చీలో లేడు సార్” అన్నాను. “రెండున్నర దాటాక పక్క తలుపులోంచి వెళ్ళాడు.”

పెన్ను మూత తీసిన చప్పుడు. “మీకెలా తెలుసు?” చెప్పులని చెప్పాను, స్ప్రింగని చెప్పాను. “ఆ రోజు వాన పడుతోంది కదమ్మా, రేకుల మీద చప్పుడుంటుంది. తలుపు గాలికి కొట్టుకుని ఉండొచ్చు కదా.” చెడ్డగా అడగలేదు, పిల్లలకి లెక్క సరిదిద్దినట్టు అడిగాడు. “అదే సార్ నేననేది, పాపం ఆమె ఊహించుకుని ఉంటారు” అన్నాడు మేనేజరు. పెన్ను కాగితం మీద కదిలింది, ఏం రాస్తున్నాడో వినపడుతున్నట్టే ఉంది, సాక్షికి చూపు లేదు. నేను మళ్ళీ చెప్పబోయాను. పద్నాలుగేళ్ళుగా ఏ గదిలో ఎవరున్నారో, ఎవరు లేచిపోయారో చెవుల్తోనే తెలుసుకుని బతుకుతున్నానని, నేను పొరబడి ఉంటే ఏనాడో ఏ లారీ కిందో పోయుండేదాన్నని.

“ఆవిడ చెప్పింది నిజమే సార్.” గార్డు. ముక్కు ఎగబీల్చాడు. “నేనే వెళ్ళాను. మోటారు ఆపి రమ్మన్నారు సారు. వాల్వు బిగుసుకుపోయింది. పద్దెనిమిది నిమిషాలు పట్టింది.”

“నేను రెండు నిమిషాలన్నాను” అన్నాడు మేనేజరు.

“మీరు వెళ్ళి రమ్మన్నారు సార్. నిమిషాలు చెప్పలేదు.”

వాడికి ఈ ఉద్యోగం ఉండదు. వాడికీ తెలుసు, బూట్లు వేసుకొచ్చింది అందుకేనేమో. ఆఫీసరు చాలామ్మా, మీరు కూర్చోవచ్చు అన్నాడు. కూర్చోలేదు. ఇంకా ఉందండీ అన్నాను. చాలమ్మా, అవసరమైంది వచ్చేసింది అన్నాడు. ఇంకా ఉందన్నాను మళ్ళీ, నా గొంతు ఆ గదికి సరిపోనంత పెద్దగా లేచింది. వాడు వెళ్ళడం నేను విన్నానన్నాను. అరవాలని నాకు నేర్పారు, అరవలేదన్నాను. ఇరవై రౌండ్లు పూర్తి చేయాలని ఊరుకున్నానన్నాను. కోచ్ మేడమ్ విజిల్ గుండీకి తగలడం ఆగిపోయింది. తర్వాత పద్దెనిమిదిలో వెళ్తుంటే నా ఎడమ చెయ్యి తాడు మీదుగా పడి మనిషికి తగిలింది. చెయ్యి. మోచేతి నుంచి మణికట్టు దాకా. కదల్లేదు. ఒకసారి అలా ఆట పట్టించాడు, మళ్ళీ అదే అనుకున్నాను, తప్పొప్పుకుని మళ్ళీ చేస్తాడా అని ఒళ్ళు మండింది. తోసేశాను. ఆ చేతిని తోసేసి ముందుకెళ్ళాను. పలకరించలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవై దగ్గర గోడ పట్టుకుని, బాబాయ్, ఇరవై అన్నాను. మొదట ఆ మాటే అన్నాను. పలక్కపోతే, చాల్లే నాటకాలు అన్నాను. అప్పుడు అరిచాను. టైలరమ్మ సగం బట్టల్లో పరిగెత్తుకొచ్చింది, ఎవరో దూకారు, ఎవరో లాగారు, గట్టు మీద నీళ్ళు కక్కించే చప్పుడు, వాన. ఇదంతా చెప్పాను. ఆఫీసరు పెన్ను కొంతసేపు కదిలి తర్వాత కదల్లేదు.

ఆయన నిర్ణయం చెప్పడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. ముందే టైపు చేయించినట్టుంది. వికలాంగులకు కేటాయించిన సమయం తగిన ఏర్పాట్లు పూర్తయ్యేదాకా నిలిపివేత. మిగతా వేళలు యథాతథం.

“ఏర్పాట్లంటే?” అంది కోచ్ మేడమ్. “కుర్చీలో మనిషి లేకపోవడం కదండీ జరిగింది. ఆ కుర్చీ అన్ని గంటలకీ అదే కుర్చీ. కింద ఇప్పుడు ముప్ఫైమంది పిల్లలు ఈదుతున్నారు. గార్డు ఇక్కడ నిలబడి ఉన్నాడు.”

ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. మేనేజరు గబగబా బయటికి నడిచాడు, మెట్లు దిగుతూ ఎవరినో పిలుస్తున్నాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకుంటూ, “వాళ్ళు మామూలు పిల్లలు కదమ్మా” అన్నాడు. “ఎప్పటిదాకా నిలిపివేత?” అంది కోచ్ మేడమ్. “పూర్తయ్యేదాకా.” “ఎప్పుడు పూర్తవుతాయి?” ఫైలు అట్ట మూసుకుంది. కూతురు తాను రాసుకొచ్చిన కాగితం చదవలేదు. చదవాల్సిన అవసరం లేకుండానే అందులో ఉన్నది జరిగిపోయింది.

వరండాలోకొచ్చాను. టైలరమ్మ గుమ్మం పక్కనే నిలబడి అంతా విన్నట్టుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇనుప పట్టీ ఒక్కో మెట్టుకీ తగులుతూ దిగిపోయింది, మధ్యలో ఒకసారి ఆగింది, మళ్ళీ దిగింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళాల్సింది ఆమె. నేను కర్ర మడత విప్పి గోడ వెతుక్కుంటుంటే చిల్లర గలగలలాడుతూ వచ్చి నా ముందు నిలబడింది కండక్టరు. ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ముఖం కాస్త పైకెత్తి పెట్టుకున్నాను.

“ఎక్కడ తగిలాడు?” అంది.

నాకు అర్థం కాలేదు.

“మీ చెయ్యి. ఎక్కడ తగిలింది నాన్నకి?”

కర్ర చంకలో పెట్టుకుని చెయ్యి చాపాను. ఆమె తన చెయ్యి అందించింది. యూనిఫాం చేతులు పైకి మడుచుకుని ఉంది. నా వేళ్ళు ఆమె మోచేతి దగ్గర ఆనించి మణికట్టు దాకా తెచ్చాను, ఆ రోజు ఎలా తగిలిందో అలా. ఎముక వెడల్పుగా ఉంది, తండ్రి ఎముకే. అక్కడ ఆపాను. ఆమె వెనక్కి తీసుకోలేదు. కింద కోచ్ మేడమ్ పిల్లల్ని నీళ్ళలోంచి పైకి ఎక్కమని అరుస్తోంది, ఎవరో ఆమెతో వాదిస్తున్నారు.

“వెచ్చగా ఉన్నాడా?”

నాకు తెలియదు అనొచ్చు. నీళ్ళలో ఏం తెలుస్తుంది, చల్లగా ఉన్నాడు, అప్పటికే అయిపోయింది, మీరేం బెంగ పెట్టుకోకండి అనొచ్చు. ఆ వానరోజు పూల్ నీళ్ళు మంచులా ఉన్నాయి. అందులో ఆ చెయ్యి ఎలా ఉందో నా వేళ్ళకి తెలుసు.

“వెచ్చగానే ఉన్నాడు” అన్నాను.

ఆమె నా వేళ్ళని ఒకటొకటిగా తన చేతి మీంచి తీసింది, నెమ్మదిగా, నొప్పి పెట్టకుండా. సరే అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది, చిల్లర చప్పుడు గేటు దాకా వినపడింది.